రెండో పేరు

మంగతాయారు చేతి కడియం మోగింది. పక్క బల్ల వైపు తిరక్కుండానే "ఉన్నావా?" అంది. "ఉన్నా," అంది నూకరత్నం, ఆవిడా తల తిప్పకుండానే. రెండు కడియాల్లోనూ పచ్చదీపం వెలిగి ఆరింది. కాకినాడ పని కూర్పు కేంద్రంలో ప్రతి బల్ల దగ్గరా ఇదే తంతు. కాసేపటికి మళ్ళీ మోగుతుంది, మళ్ళీ పలకరించుకోవాలి.

జట్టులోవాళ్ళు ఇలా పలకరించుకు తీరాలన్న చట్టం పుట్టింది మంచికే. ఉప్పెనల కాలంలో ఒంటరిగా పనిచేసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే పోయారు, పోయారని తెలియడానికే రోజులు పట్టింది. అప్పటినుంచీ ఏ పనైనా జట్టుకే ఇస్తారు. పేర్లు నమోదు చేసేది మంగతాయారు లాంటి గుమాస్తాలు, జట్టు ఖాయం చేసేది కూర్పరి అనే యంత్రం. దానికి ఎవరితోనూ కబుర్లు చెప్పే బాధ లేదు కాబట్టి కబుర్ల మీద అపారమైన నమ్మకం.

మంగతాయారు ఎదురుగా ఏసుపాదం కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, వలలు అల్లే చేతులు. ఈ ఏడాది అతను జట్టులోంచి తిరిగిరావడం ఇది నాలుగోసారి.

"మళ్ళీ ఏమైందండీ?"

"ఏం అవ్వలేదండి. అందరూ మంచోళ్ళేనండి. చెయ్యి పనిలో పడేసరికి ఉన్నావా అంటారండి. ఉన్నానని చెప్పి చూసుకునేసరికి నేనక్కడ ఉండనండి."

బల్ల మీద కూర్పరి గొంతు పలికింది. "అభ్యర్థి సాంగత్య సూచి కనీస స్థాయి కంటే తక్కువ. సాయంత్రంలోగా జట్టు కుదరకపోతే కలుపుగోలు నివాసానికి తరలింపు."

ఏసుపాదం చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. కలుపుగోలు నివాసంలో తిండీ నిద్రా స్నానం అన్నీ నలుగురితోనే. మంగతాయారు తన చేత్తోనే ఒక గడియారాల మెకానిక్కుని అక్కడికి పంపింది. బాగుపడి వచ్చాడన్నారు. ఇప్పుడతను బజార్లో కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి గలగలా మాట్లాడతాడు. గడియారం మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. అతను ఎదురైనప్పుడల్లా ఆమె పక్క సందులోకి తప్పుకుంటుంది.

మంగతాయారుకి ఒక గుట్టుంది. భోజనం వేళ కడియాలు మోగవు. అందరూ క్యాంటీన్‌కి పోతే ఆమె క్యారేజీ పట్టుకుని పాడుబడిన లిఫ్టు గదిలోకి పోతుంది. రోజు మొత్తంలో ఆమెకి నచ్చేది ఆ అరగంటే.

ఖాళీల జాబితాలో అట్టడుగున కోరంగి మడచెవుల కాపలా ఉంది. మడచెట్ల వేళ్ళ మధ్య పాతిన యంత్రపు చెవులు బురద చప్పుడు పట్టి వినిపిస్తాయి; గట్టు ఎక్కడ కోసుకుపోతోందో వింటున్న మనిషికి ముందే తెలుస్తుంది. పంపిన జట్లన్నీ పలకరింపులతో ఆ చెవుల్ని నింపేశాయి. కిందటి వానల్లో వాటికి మనుషుల మాటలు తప్ప ఏమీ వినపడక, హెచ్చరిక రాకముందే రెండు పేటల్లోకి నీళ్ళొచ్చాయి.

"రోజంతా బురద చప్పుడు వినాలి. వినగలరా?"

ఏసుపాదం మొదటిసారి తలెత్తాడు. "ఒక్కణ్ణేనాండీ?"

ఆమె అతని పేరు నమోదు చేసింది.

"రెండో పేరు తప్పనిసరి," అంది కూర్పరి.

"ఇద్దరి మధ్య దూరం ఎంత ఉండాలి?"

"నిబంధన లేదు."

"పలకరింపు?"

"ఒకే చోట ఉంటే కడియం మోగినప్పుడల్లా. విడిగా ఉంటే రోజుకి ఒకటి కనీసం. మిగిలినవి జట్టు ఇష్టం. జవాబు రాకపోతే రెండోవారు స్వయంగా వెళ్ళి చూడాలి."

మంగతాయారు రెండో గడిలో తన పేరు చెప్పింది.

నూకరత్నం ఈసారి పూర్తిగా ఇటు తిరిగింది. "మతుండే చేశావా మంగా? ఒక మనిషి రెండు జట్లలో ఉండకూడదు. నన్నొదిలేసినట్టేగా? పైగా ఆయన పలక్కపోతే పడవెక్కి ఆ బురదలోకి నువ్వే పోవాలి."

"పోతాను."

"ఇన్నేళ్ళూ నా పలకరింపు నీకంత బరువైపోయిందా?"

"నువ్వు బరువు కాదు రత్నం. కడియం మోగిందని పలకరించుకోవడమే బరువు."

నూకరత్నం మొహం చిన్నబుచ్చుకుని తన బల్ల వైపు తిరిగిపోయింది. మంగతాయారుకి బాధేసింది. అయినా పేరు వెనక్కి తీసుకోలేదు.

"సాయంత్రం పూట పడవల రేవు దాకా వచ్చి కడియంలో పలకరించండి," అంది ఏసుపాదంతో. "చెవులకి దూరంగా. అదొక్కటీ మరిచిపోకండి, నాకు ఈత రాదు."

"ఆయ్, మరిచిపోనండి," అన్నాడు. నవ్వడం అలవాటు లేని మనిషి నవ్వాడు.

మర్నాడు మంగతాయారు కడియం పొద్దుట్నించీ మోగలేదు. పొద్దు వాలేసరికి మాత్రం ఆమె పని మానేసి దాన్నే చూస్తూ కూర్చుంది. పంపకూడని చోటికి పంపానేమో అనుకుంది. ఆమె పిలవబోతుండగా అదే పలికింది.

"అమ్మగారూ, ఉన్నారాండీ?"

ఏ జట్టులోనూ అతను తనంతట తానుగా ముందు పలకరించిన దాఖలా లేదు.

"ఉన్నాను. మీరు?"

"ఉన్నానండి. తూర్పు గట్టు కింద ఇసక జారుతుందండి. రేపే మట్టేయించమనండి."

పచ్చదీపం వెలిగింది. బల్ల మీద కూర్పరి అంది: "నిన్నటినుంచి ఈ కేంద్రంలో పదకొండుమంది దూరపు జట్టు అడిగారు. నూకరత్నం గారికి రెండో పేరు లేదు. జట్టు అంటే ఏమిటో మళ్ళీ నిర్వచించండి."

పక్క బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరి కడియమూ మోగలేదు.

"మంగా," అంది నూకరత్నం, "టీ తాగుదామా?"