తొక్కు... వదులు

హినోకి కనుమ పైన, రోడ్డు వంపులు తిరుగుతూ దిగడం మొదలుపెట్టే చోట మా షెడ్డు. మంచు కాలంలో లారీలు తప్ప అటు ఎవరూ రారు. మంచు మరీ ఎక్కువైతే అవీ రావు. అలాంటి రోజుల్లో కిరసనాయిలు పొయ్యి మీద మరిగే నీళ్ళ చప్పుడే నాకు తోడు. ఒంటరి మనిషికి పనే మందు అంటారు జనం. జనానికేం, ఎన్నైనా అంటారు.

ఆ మంచు కాలంలో షెడ్డులో నిషినా గారి తెల్ల కారు ఉంది. రెండు తలుపుల పాత బండి, ఆమె తండ్రి పడుచువాడిగా ఉన్నప్పుడు కొన్నాడు. ఆయన పోయాక ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉంటే, బయటికి తీయించి నాకప్పగించింది. ఇంజను, రంగు, సీట్లు, నేల మీది తివాచీ అన్నీ కొత్తగా చేశాను. ఇక దాన్ని నడుపుకుంటూ కనుమ దిగి, కింద పట్నంలో సర్కారు తనిఖీ చేయించి, ఆమె చేతికి ఇవ్వడమే మిగిలింది.

బ్రేకు పెడలే నా ప్రాణం తీసింది.

తొక్కితే పిండి ముద్దలో కాలు పెట్టినట్టు మెత్తగా నేలదాకా దిగిపోతోంది. అంటే బ్రేకు ఆయిల్ నడిచే గొట్టాల్లో ఎయిర్ చేరింది. అలాంటి కారుతో ఆ వంపులు దిగడమంటే చావును పిలిచి పీట వేయడమే. ఎయిర్ ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం అంతు చిక్కలేదు. చక్రాల కింద కాగితాలు పరిచి చూశాను, ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. రబ్బరు గొట్టాలు మార్చాను. పెడల్ వెనక ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి రబ్బర్లు కొత్తవి వేశాను. అయినా ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పెడల్ గట్టిపడలేదు.

ఎయిర్ తీయడం ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నిపుల్ అనే చిన్న మరను వదులు చేస్తే ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నిపుల్ బిగించాకే పైవాళ్ళు కాలు తీయాలి. తొందరపడి ముందే తీశారా, గొట్టం బయటి గాలిని మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు.

మా ఇంట్లో తొక్కే మనిషి చిగుసా. నా భార్య. తన రబ్బరు బూట్లు తలుపు దగ్గర విడిచి, దిగగానే కాళ్ళు దూర్చేలా ముక్కులు బయటికి తిప్పిపెట్టి, మేజోళ్ళతో కారెక్కేది. నేను కింద నుంచి "తొక్కు" అంటే "తొక్కా" అనేది. "వదులు" అంటే "వదిలా" అనేది. కాపురం చేసినంత కాలం, నేను చెప్పకముందు ఒక్కసారి కూడా కాలు తీయలేదు. జబ్బు చేసి చనిపోయిన ఏడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి తొక్కింది. ఆ బూట్లు ఇంకా షెడ్డు అరలోనే ఉన్నాయి. పారేయడానికి నాకు చేతులు రాలేదు.

తను పోయాక ఒక సీసా, గొట్టం పెట్టుకుని ఒక్కణ్ణే తంటాలు పడుతున్నాను. ఈ కారుకీ అలాగే మొదలుపెట్టాను. వెనక చక్రం దగ్గర పడుకుని నిపుల్ వదులు చేస్తూ, పాత అలవాటు కొద్దీ నోరు జారి "తొక్కు" అన్నాను.

సీసాలోకి ఆయిల్ చిమ్మింది.

లేచి చూస్తే సీటు ఖాళీ. కారు లోపల మాత్రం తడి గడ్డి వాసన... మూసిన గోదాము వాసన. మళ్ళీ పడుకుని, నిపుల్ బిగించి, "వదులు" అన్నాను. పెడల్ స్ప్రింగు కిర్రుమంది.

నేను ఏడ్చాను. భయంతో కాదు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే కారు కిందికి జారేవాణ్ణి. తొక్కు, వదులు. బదులు మాట వచ్చేది కాదు గానీ పెడల్ కదిలేది. పని అయ్యాక చూస్తే అది ఎప్పట్లాగే మెత్తగా ఉండేది. నిజం చెప్పాలంటే, మెత్తగా ఉన్నందుకు నాకు లోలోపల సంతోషంగా ఉండేది. గట్టిపడితే రేపు పిలవడానికి ఏ సాకు ఉంటుంది?

తనిఖీకి ముందు రోజు, కనుమ మీదే నూడుల్స్ అంగడి నడిపే కయో అక్క మంచు దులుపుకుంటూ వచ్చింది.

"తోయో, బతికున్నావా?"

"నువ్వొచ్చాక ఇంకెక్కడి బతుకక్కా."

"ఇదిగో, వంకాయ కూరి కాల్చిన ఓయాకి రొట్టెలు. వేడిగా తిను. చల్లారితే నీ మొహంలాగే గట్టిపడతాయి." గిన్నె బల్ల మీద పెట్టి, కారు వైపు చూసి ఆగింది. "చిగుసా బూట్లు బయటికి తీశావేం?"

డ్రైవరు తలుపు కింద ఉన్నాయి. పక్కపక్కన.

"నేను తీయలేదు."

"మరి నడిచొచ్చాయా?" నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది. "అయినా పెట్టడం ఇలాగేనా? ముక్కులు కారు వైపు తిప్పి... చిగుసా చూస్తే నీ చెవి మెలిపెట్టేది. ఇలా విడిచేవాళ్ళకి మళ్ళీ దిగే ఉద్దేశం లేదన్నమాట."

వంగి బూట్లను బయటి వైపు తిప్పింది. వెంటనే చేతిని కోటుకి తుడుచుకుంది.

"లోపల తడిగా ఉన్నాయిరా," అంది నెమ్మదిగా. "ఈ పూటకి మా ఇంటికి రా. ఒక్కడివే ఉంటే మనిషికి మతి చెడుతుంది."

"పనుందక్కా."

"అది పోయిన దగ్గర్నుంచీ నీకు ఎప్పుడూ పనే."

ఆమె వెళ్ళాక మంచు ఎక్కువైంది. మధ్యాహ్నమే మసక కమ్మింది. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి చప్పుడు ఆగింది. నేను దీపం పట్టుకుని కారు కిందికి జారాను. ఇన్నాళ్ళూ నా చెవులు సీటు వైపే ఉండేవి, గొట్టం వంక చూసిందే లేదు. ఆ రోజు చూశాను.

"తొక్కు."

ఆయిల్ వచ్చింది. నిపుల్ ఇంకా బిగించలేదు. నేను "వదులు" అనలేదు...

స్ప్రింగు కిర్రుమంది. గొట్టంలో బుడగలు వెనక్కి, లోపలికి, ఒకదాని వెంట ఒకటి పోయాయి.

ఎయిర్ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసింది. చిగుసా అలా ఎప్పుడూ చేయలేదు. ఒక్కసారి కూడా.

"ఎవరు?" అని గుసగుసగా అడిగాను.

పెడల్ దిగింది. నెమ్మదిగా... అడుగు దాకా... అక్కడే ఆగింది.

"వదులు."

వదల్లేదు.

నిపుల్ బిగించాను. పాక్కుంటూ బయటికొచ్చి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయి తలుపు గడియ పెట్టుకున్నాను. కయో అక్క ఇంటికి పోయి ఉండొచ్చు, పోలేదు. ఓయాకి షెడ్డులోనే చల్లారిపోయాయి. అది చిగుసా కాదని తెలిశాక ఇల్లు అంతకుముందు కన్నా ఖాళీ అయింది. తను ఇంకోసారి చనిపోయినట్టనిపించింది.

పొద్దున మంచు ఆగింది. నిషినా గారు ఫోన్ చేసి, "బయల్దేరుతున్నారా?" అని ఆశగా అడిగింది. బ్రేకు చూసి చెబుతానన్నాను. ఇంటి నుంచి షెడ్డుకి మోకాలి లోతు మంచు, దాని మీద ఒక్క అడుగు జాడ లేదు. నా పని బూట్లతో దాన్ని తొక్కుకుంటూ వెళ్ళాను. కారు తలుపు తీసి, ఎక్కకుండానే వంగి చేత్తో పెడల్ నొక్కి చూశాను.

రాయిలా ఉంది. లోపల ఒక్క గాలి బుడగ లేదు. నా జీవితంలో అంత మంచి పెడల్ చూడలేదు.

అప్పుడు కిందికి చూశాను. చిగుసా బూట్లు డ్రైవరు తలుపు దగ్గర, మళ్ళీ కారు వైపే తిరిగి ఉన్నాయి. లేచి అవతలి వైపు వెళ్ళాను. పక్క సీటు తలుపు కొద్దిగా తెరిచి ఉంది. దాని కింద నా తోలు బూట్లు... పట్నం వెళ్ళేటప్పుడు వేసుకునేవి. రాత్రి వాటిని ఇంటి గుమ్మం లోపల, గడియ పెట్టిన తలుపు వెనక చూసిన గుర్తు నాకు బాగా ఉంది. పాలిష్ పెట్టి ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. ముక్కులు కారు వైపు.

భయం వేసింది. కాదనను. కానీ పట్నం వెళ్ళే రోజు నా బూట్లు తుడిచి పెట్టేది చిగుసా. తను పోయాక ఎవరూ పెట్టలేదు. ఎవరూ నన్ను ఎక్కడికీ రమ్మనలేదు.

ఇంట్లో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. కారెక్కడానికి వంగి నా పని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. లోపల, ఎవరూ లేని సీటు ముందు, పెడల్ ఒకసారి దిగి పైకొచ్చింది.

నేను ఇంకా ఏమీ అనలేదు.