వెళ్ళొస్తా అన్నా

ఆ ఏడాది కెనడా విండ్సర్‌లో ఎక్కడ చూసినా మన స్టూడెంట్సే. మా బేస్‌మెంట్‌లోనే ఏడుగురం. చదువయ్యాక నాకు దొరికింది ఓ చిన్న మ్యూజియంలో సెక్యూరిటీ గార్డు పని. పీఆర్‌కి, అదే ఇక్కడే స్థిరపడే హక్కుకి, ఏడాది అనుభవం చూపించాలి. చదివేటప్పుడు చేసిన పనీ కలుస్తుందనుకున్నా, నా తెలివి తెల్లారినట్టే ఉంది! కలవదట. ఇంకా పద్దెనిమిది రోజులు కావాలి. వర్క్ పర్మిట్‌లో మిగిలిందీ పద్దెనిమిదే.

నేను కాపలా కాసే గదిలో ఓ రోమన్ సిపాయివి అడుగున మేకులు కొట్టిన తోలు చెప్పులు, ఓ కంచు రేకు ఉండేవి. అతనూ పరాయి దేశం వాడే. పాతికేళ్ళు కొలువు చేస్తే పౌరసత్వమని ఆ రేకు మీద ముందే చెక్కి ఉంచారు. సరిగ్గా పద్దెనిమిది రోజులుందనగా పోయాడట. నా ప్రాణం ఉసూరుమంది. రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఆ చెప్పులకేసి చూసి "వెళ్ళొస్తా అన్నా" అనేదాన్ని. ఉత్త "వెళ్తా" అనకూడదని అమ్మ నేర్పిన అలవాటు.

నా లెక్క తేలిన సాయంత్రం మంచు. అయిదింటికే చీకటి. రౌండ్ కొడుతుంటే తడి తోలు వాసన... వెనక టక్... టక్... నేను ఆగితే అదీ ఆగింది.

సూపర్‌వైజర్ సుబ్బరాజు గారికి ఫోన్ చేశా.

"భయమేస్తే వచ్చెయ్యమ్మా. కానీ షిఫ్ట్ మధ్యలో వదిలేస్తే ఉద్యోగం ఉండదు మరి."

ఎలా వస్తా? గోడకి ఆనుకుని నిలబడ్డా.

"ఎన్ని రోజులు, చెల్లీ?"

చెవి పక్కనే. ఏ భాషో తెలీదు, అర్థం మాత్రం అయింది.

"పద్దెనిమిది..."

"నాకూ అంతే."

అప్పట్నుంచి రోజూ అడిగేవాడు. పదిహేడు... తొమ్మిది... రెండు... నా లెక్క తగ్గేది. అతను మాత్రం ప్రతిసారీ "నాకు పద్దెనిమిది" అనేవాడు. భయం పోయి ఏడుపొచ్చేది నాకు.

ఆఖరి రోజు అలవాటు కొద్దీ నోరు జారా. "వెళ్ళొస్తా అన్నా." మళ్ళీ వెళ్ళలేదు. ఆ చెప్పుల్ని యూరప్‌కి తిప్పి పంపేశారని సుబ్బరాజు గారే చెప్పారు.

నిన్న పీఆర్ కార్డు వచ్చింది. సిటిజన్‌షిప్‌కి ఇంకో మూడేళ్ళు ఆగాలి. కార్డు దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, బేస్‌మెంట్ మెట్ల మీద టక్... టక్...

తలుపు తీశా. ఎవరూ లేరు.

గుమ్మం లోపల, నా స్నో బూట్ల పక్కన, ఎవరో చెప్పులు విడిచినట్టు రెండు తడి గుర్తులు. నిండా మేకుల చుక్కలు.

పొద్దుట్నుంచి తుడుస్తూనే ఉన్నా. ఆరడం లేదు.