ఆరని పచ్చ చుక్క

సర్వీసు సెంటరు కట్టేసే వేళ. బయట వాన. అందరూ చేతులకి సబ్బు రాసుకుని, మసి వదిలించుకుని, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. లోపల ఒక్కడే మిగిలాడు. అందరూ అతన్ని 'సీనియర్' అంటారు. మేనేజరూ అదే పిలుపు, గేటు దగ్గర కాపలా అతనూ అదే పిలుపు. ఇంట్లో భార్యకి కోపమొస్తే, "సీనియర్ గారూ, కాస్త ఆ బకెట్టు జరుపుతారా?" అంటుంది. బండి గేటు దాటి లోపలికొచ్చేలోపే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్కటే లోపం. ఎదుటి మనిషి మొహం చూసి 'కాదు' అనలేడు. మహా మొహమాటం.

ఈ మధ్యే కంపెనీ ఒక రకం కార్లన్నిటినీ వెనక్కి పిలిచింది. ముందు చక్రం దగ్గరి బ్రేక్ పైపు చిట్లిపోతోందట. బండ్లున్న వాళ్ళందరికీ ఫోన్లలో కబురొచ్చింది. "బండి నంబరు చెప్పండమ్మా, మీదీ ఉందో లేదో చూస్తాం. ఉంటే పైపు మార్చేదాకా రోడ్డెక్కించకండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. పైసా ఖర్చు లేదు," అని సీనియర్ ఫోన్లో నోరు నొప్పెట్టేదాకా చెప్పాడు. పైపు మార్చాక జాయింటు మీద చిన్న బ్రష్షుతో పచ్చ పెయింటు చుక్క పెట్టడం వాళ్ళ పద్ధతి. చుక్క ఉంటే పని అయినట్టే, గేటు తీస్తారు. చుక్క వెనక పైపు కొత్తదా పాతదా అని ఎవరూ చూడరు. చుక్క పెట్టింది సీనియర్ అయ్యాక ఇంక చూడ్డమేమిటి?

ఒక శనివారం కొత్త పైపులు అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. బండ్లు రెండున్నాయి. ముందొచ్చింది ఒక టీచరమ్మది. పొట్టి మనిషి, మెత్తటి గొంతు. పైపులు లేవని, బండి ఇక్కడే ఉంచుకుని, అప్పటికే ఆవిణ్ణి రెండుసార్లు తిప్పి పంపారు. తరవాతది సీనియర్ సొంత అక్కది. ఆఖరి పైపు అక్క బండికి బిగించాడు. మరి టీచరమ్మకి ఏం చెప్పాలి? మళ్ళీ సోమవారం రమ్మనాలి. బల్ల మీద కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుకుంటున్న మనిషిని చూశాడు. నోరు పెగల్లేదు. పాత పైపు గట్టిగానే కనిపించింది. సోమవారం తనే ఫోన్ చేసి పిలుద్దాంలే అనుకున్నాడు. దాని మీద కూడా చుక్క పెట్టేశాడు.

టీచరమ్మ లిఫ్టు మీదున్న బండి కిందికొచ్చి, మునివేళ్ళ మీద లేచి, ఆ చుక్కని వేలితో తాకింది. "అయ్యో, ఇంకా తడిగా ఉందే!" అని నవ్వింది. చుక్క మీద ఆవిడ వేలి గుర్తు పడింది.

"మార్చేశారా బాబూ? ఒట్టేనా?"

"ఒట్టు మేడమ్."

సోమవారం సీనియర్ ఫోన్ చెయ్యలేదు. చేస్తే శనివారం సంగతి చెప్పాలిగా మరి. మంగళవారం ఆవిడ బండి, సర్వీసు సెంటరుకొచ్చే ఏటవాలు రోడ్డు చివర, మలుపులో గోడకి గుద్దుకుంది. ఆవిడ అక్కడే పోయింది.

నుజ్జయిన బండిని తెచ్చి వెనక షెడ్డులో టార్పాలిన్ కప్పి పెట్టారు. విచారణకొచ్చిన ఆఫీసరు టార్చి వేసి చుక్క చూశాడు. "మీ పని మీరు సరిగ్గానే చేశారు. ఆవిడే వేగంగా వచ్చుంటుంది," అన్నాడు. మేనేజరు సీనియర్ భుజం తట్టాడు. ఆ మాటకి సీనియర్‌కి ప్రాణం లేచొచ్చింది. నిజంగానే హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్యే అతన్ని తినేస్తోంది. చచ్చిపోయిన మనిషి మీద నింద వేస్తుంటే పక్కనే నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు! అద్దంలో తన మొహం చూసుకోవాలన్నా సిగ్గేసి, గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు.

ఇవాళ వానలో మోటార్ సైకిలెందుకు, తనే వచ్చి ఎక్కించుకుంటానంది అక్క. సీనియర్ షట్టరు సగం దించి, అక్క కోసం చూస్తూ నిలబడ్డాడు. రేకుల మీద వాన చప్పుడు. తడిసిన సిమెంటు వాసన. దాని మధ్యలో ఇంకో వాసన. బ్రేక్ ఆయిల్ వాసన. కడిగి ఆరబెట్టిన నేల మీద, ఏ బండీ లేని చోట, ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తోంది?

టుప్.

వెనక షెడ్డులోంచి.

టుప్... టుప్...

ఆ చప్పుడు వేరేవాళ్ళకైతే ఏదో రేకు కొట్టుకుంటోందనిపిస్తుంది. సీనియర్‌కి అలా అనుకునే అదృష్టం లేదు. అది బ్రేక్ పెడలు. ఎవరో కాలితో తొక్కుతున్నారు. తొక్కి వదిలి, మళ్ళీ తొక్కుతున్నారు. ముందు నెమ్మదిగా. తరవాత కంగారుగా.

"ఎవరది?"

చప్పుడు ఆగింది.

టార్చి తీసుకుని వెళ్ళాడు. టార్పాలిన్ అంచు పట్టుకుని ఎత్తాడు. లోపల ఎవరూ లేరు. డ్రైవరు సీట్లో గాజు ముక్కలు తప్ప ఏమీ లేవు. పెడలు మాత్రం కిందికి నొక్కుకుని ఉంది... అతను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది.

సీనియర్ వెనక్కి పడబోయి చక్రం పట్టుకున్నాడు. టార్చి వెలుగు చక్రం వెనక పడింది.

పైపు కొత్తది.

నల్లగా, మెరుస్తూ, దుమ్ము కూడా లేకుండా. దాని మీద అక్కడక్కడా గీతలు, అతని స్పానర్ జారి పడ్డ గీతలు. ఆ గీతలు అతనికి తెలుసు. అక్క బండికి బిగిస్తున్నప్పుడు పడ్డవి. జాయింటు మీద పచ్చ చుక్క. ముట్టుకున్నాడు. తడి. బొటనవేలికి పచ్చగా అంటుకుంది.

ఈ పైపు ఇక్కడుంటే... అక్క బండికి ఏముంది?

జేబులో ఫోన్ మోగింది.

"ఒరేయ్, దగ్గరికొచ్చేశాం. ఏటవాలు రోడ్డు దిగబోతున్నా. నీ కూతురు కూడా వస్తానని వెనకెక్కింది, ఎవరికో చెబుతున్నట్టు ఒకటే కబుర్లు! అన్నట్టు, బ్రేకు ఎందుకో మెత్తగా ఉందిరా. తొక్కితే లోపలికెళ్ళిపోతోంది."

"అక్కా, ఆపు. అక్కడే ఆపెయ్."

"ఎందుకూ? పైపు నువ్వే మార్చావుగా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

చెప్పాలి. చెప్తే అక్క దగ్గర తలెత్తుకోలేడు. ఆ మెత్తటి మొహమాటం మళ్ళీ వచ్చి గొంతులో కూర్చుంది. ఏదో ఒక సాకు... వాన అనో, రోడ్డు బాగాలేదనో...

చెవి పక్కనే, మెల్లగా, ఎవరో అన్నారు.

"ఒట్టేనా బాబూ?"

"అక్కా!" అని అరిచాడు సీనియర్. "ఆ టీచరమ్మని చంపింది నేనే! ఆఖరి పైపు నీకు పెట్టి, ఆవిడకి ఉత్త చుక్క పెట్టా. ఒట్టు కూడా వేశా. ఇప్పుడది నీ బండికి లేదు! గేరు తగ్గించు, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు, ఎడమ పక్క మట్టిగుట్టకి ఆనించెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ రోడ్డు దిగొద్దు!"

అవతల ఏమీ వినిపించలేదు. తరవాత మట్టి రాసుకున్న చప్పుడు. తరవాత కూతురి ఏడుపు. ఆ ఏడుపు వింటూ సీనియర్ నేల మీద కూలబడి తనూ ఏడ్చేశాడు.

వానలో పరిగెత్తి వెళ్ళేసరికి ఇద్దరూ రోడ్డు పక్కన తడుస్తూ నిలబడి ఉన్నారు. బండి కింద టార్చి వేసి చూశాడు. పాత పైపు. నిలువునా చిట్లి, చుక్కలు చుక్కలుగా కారుతోంది. అక్క ఏమీ తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాకోసమని మాత్రం అనకురా," అంది. అని పిల్లని దగ్గరికి తీసుకుని అటు తిరిగి నిలబడింది.

మర్నాడు ఆఫీసర్ని పిలిపించి, మేనేజరు ముందు, అందరి ముందు సీనియర్ ఉన్నదంతా చెప్పేశాడు. శిక్ష పడితే పడనీ, మనసు తేలికపడుతుందనుకున్నాడు. ఆఫీసరు టార్పాలిన్ తీయించాడు. వంగి చూశాడు. లేచి సీనియర్ వంక జాలిగా చూశాడు.

"కొత్త పైపే ఉంది కదయ్యా! నీ అక్క బండికి లేకుండా ఈవిడకి పెట్టావన్నమాట. పాపం, బాధలో ఏదేదో మాట్లాడుతున్నావు."

మేనేజరు కళ్ళు చెమర్చాయి. "సొంత అక్కని కూడా పక్కన పెట్టాడు సార్. అలాంటి మనిషి!" అన్నాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. సీనియర్‌కి తల కొట్టేసినట్టయింది. నేను దొంగనని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినేవాడే లేడు. కాదు కాదు అంటున్న కొద్దీ మంచివాడి కిందే జమకట్టారు.

తరవాత పైపులు వచ్చాయి. తను చుక్క పెట్టిన ప్రతి బండినీ సీనియర్ మళ్ళీ పిలిపించాడు. ఫోన్ ఎత్తని వాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి బతిమాలాడు. ప్రతి పైపూ విప్పి చూసి, బిగించి, యజమాని కళ్ళ ముందే కొత్త చుక్క పెట్టాడు. రాత్రికి బండి అక్కడే ఉంచుతాడు. పొద్దున్న వచ్చి చూస్తే ప్రతి చుక్క మీదా చిన్న వేలి గుర్తు. పొట్టి మనిషిది, సన్నటి వేలు. అది చూశాకే బండి తాళం ఇస్తాడు. ఎందుకో ఎవరికీ చెప్పడు.

అక్క బండికి కూడా కొత్త పైపు తనే వేశాడు. విప్పి మళ్ళీ వేశాడు. అప్పటికీ తృప్తి లేక ఇంకోసారి వేశాడు. వానలు పోయి ఎండలొచ్చాయి. "ఎన్నాళ్ళురా, నా బండి నాకిచ్చెయ్," అని అక్క అడుగుతూనే ఉంది. సీనియర్ రోజూ పొద్దున్నే లిఫ్టు కిందికెళ్ళి మునివేళ్ళ మీద లేచి చూస్తాడు.

చుక్క ఇంకా తడిగానే ఉంది. దాని మీద వేలి గుర్తు లేదు.