ఎడమ చెవిన పడని మాట

"నువ్విక్కడికెందుకొచ్చావురా బాబూ?"

కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమైన ఆ మాట చూసి తాతగారు కళ్లజోడు సర్దుకున్నారు. మళ్లీ చదివారు. తర్వాత కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

"చెవులు వినబడక వచ్చానమ్మా. రాకూడదంటే వెళ్లిపోతాను. దానికి కంప్యూటర్ చేత చెప్పించాలా?"

పరీక్ష ఫలితం చూపిద్దామని అప్పుడే తెరను ఆయన వైపు తిప్పిన చెవుల డాక్టరమ్మ గబుక్కున లేచి ఆయనకు అడ్డం వచ్చింది. తాను డాక్టర్ని కాననీ, వినికిడి పరీక్షలు మాత్రమే చేస్తాననీ ఎంత చెప్పినా అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. తాతగారిని బతిమాలి కూర్చోబెట్టి, నేరుగా ఆ పరీక్షల ప్రోగ్రాం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసింది.

"మీ ప్రోగ్రాం రాసింది ఎవరండీ?"

"నేనేనండీ!" అవతల కుర్రాడు గర్వంగా అన్నాడు.

"ఓహో. అయితే ఎనభై ఏళ్ల పెద్దాయన్ని 'రా బాబూ' అన్నది మీరేనన్నమాట!"

ఆ మాట అతను తనకోసం రాసుకున్నది. ప్రోగ్రాం పొరపాటున ఎప్పుడైనా రాకూడని దారిలోకి వస్తే తెలియాలని సరదాగా పెట్టుకున్నాడు. ఆ దారిలోకి అది ఛస్తే రాదనే ధీమాతో తీసేయడం మరిచిపోయాడు.

మేనేజర్ అరవలేదు. అదే ఇంకా భయంగా ఉంది.

"ఆ వినికిడి సెంటర్ వాళ్లు దీన్ని వెనక్కి పంపేస్తే మిగతా సెంటర్లూ పంపేస్తాయి. వెళ్లి, అన్నీ సరిచేసే దాకా అక్కడే కూర్చో. లేదంటే ఈ ప్రోగ్రాం నీ చేతిలో ఉండదు."

*

చెవుల డాక్టరమ్మ అంటే నెరిసిన జుట్టుతో, కోపంగా చూసే పెద్దావిడ అయి ఉంటుందనుకున్నాడు. తీరా వెళ్తే, జడ భుజం మీదికి వేసుకుని, చేతిలో చిన్న టార్చిలైటుతో ఒకమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. కోపం ఒక్కటే అతను ఊహించినట్టుగా ఉంది.

"మీరేనా 'రా బాబూ'?"

ముందు గదిలో పేషెంట్ల పేర్లు రాసుకునే పిన్ని కిసుక్కున నవ్వింది. ఆవిడ ఆ అమ్మాయికి సొంత పిన్నే. ఇక ఆ రోజు నుంచి అతనికి అదే పేరైపోయింది. గుమ్మంలో కాలు పెట్టగానే "రా బాబు గారొచ్చారమ్మాయ్!" అని కేక వినిపించేది.

"మా ఆఫీసులో బాగానే పనిచేసిందండీ," అన్నాడతను మొదటి రోజు.

"అయితే మా పేషెంట్లందర్నీ మీ ఆఫీసుకే పంపించమంటారా?"

అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె పరీక్ష మొదలుపెట్టింది. శబ్దాలు పంపే మిషన్‌కి ప్రోగ్రాం కబురు పెట్టింది. అంతే, తెర మొత్తం తెల్లబోయింది. ఆమె మౌస్‌ని టకటకా నొక్కింది. కాసేపటికి తెరకు ప్రాణం వచ్చి, ఆమె నొక్కిన నొక్కులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడికో వెళ్లి "నువ్విక్కడికెందుకొచ్చావురా బాబూ?" అంది.

అతను నిర్ఘాంతపోయాడు. ఆఫీసులో అసలు మిషన్ లేదు. దాని బదులు అతనే రాసుకున్న ఉత్తుత్తి మిషన్ ఉంది. అది అడగడమే తడవుగా జవాబు చెప్పేది. ఈ నిజం మిషన్ తాపీగా ఆలోచించి చెబుతోంది.

"ఏమైంది దీనికి?" అందామె.

"ఇంట్లో ఒక్క మనిషే ఉన్నాడనుకోండి. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలకూడదన్నారనుకోండి. మీరెంత తలుపు కొట్టినా తీయడుగా?"

"అయితే పాల దగ్గర ఇంకో మనిషిని పెట్టండి."

అతను ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. "సరిగ్గా అదే చేయబోతున్నానండీ. మీకు ప్రోగ్రామింగ్ వచ్చా?"

"పాలు కాయడం వచ్చు," అందామె. అప్పుడు మొదటిసారి నవ్వింది.

మిషన్ జవాబు కోసం ఎదురుచూసే పనిని వేరుగా పెట్టాడు. ఆ పని సాగుతున్నంతసేపూ మిగతా బటన్లు నొక్కడానికి వీల్లేకుండా చేశాడు. తాతగారిని అవమానించిన మాట తీసేసి "క్షమించండి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టండి" అని పెట్టాడు. ఒక బగ్గు, అంటే ప్రోగ్రాంలో తప్పు, సరిచేస్తే ఇంకోటి బయటపడేది. ఒక రోజు సేవ్ చేసిన ఫలితం మర్నాటికి మాయమయ్యేది. ఇంకో రోజు పాత కంప్యూటర్లో ప్రోగ్రాం అసలు తెరుచుకునేది కాదు. పని పెరుగుతున్నందుకు అతనికి బాధ కలగాలి. కలగలేదు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అక్క గుమ్మానికి ఆనుకుని, "ఈ బగ్గుకి పెళ్లయిందో లేదో కనుక్కున్నావా?" అంది.

ఒక సాయంత్రం పని ముగించి బయటికి వచ్చేసరికి వాన ధారగా కురుస్తోంది. మెట్ల మీది రేకు కింద ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. రేకు మీద చినుకుల మోత, రోడ్డు మీద బళ్ల హారన్లు. ఆమె దగ్గర వాన వాసన, సబ్బు వాసన కలిసి వస్తున్నాయి. అతనికి ఎంత హాయిగా ఉందంటే, వాన వైపే చూస్తూ తనలో తాను నవ్వుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆమె వైపు తిరిగాడు.

"ఆ సేవ్ బటన్ సంగతి రేపు చూస్తానండీ."

ఆమె ముఖం పాలిపోయింది. అతని వైపు వింతగా చూసి, గబగబా మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయింది. గొడుగు చేతిలోనే ఉంది. కనీసం తెరవలేదు.

అతనికి ఏమీ అర్థం కాలేదు.

*

మర్నాడు "రా బాబు గారు" అనే కేక లేదు. పిన్ని తల ఎత్తకుండానే "లోపల ఉంది, వెళ్లండి" అంది. ఆ అమ్మాయి అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పింది. సాయంత్రం మేనేజర్ పిలిచాడు.

"రేపటితో అక్కడ నీ పని ఆఖరు. ఇంకొకర్ని పంపమన్నారు."

"పని బాగాలేదన్నారా?"

"పని బాగానే ఉందట. మనిషినే మార్చమన్నారు."

అతను లాప్‌టాప్ మూసేసి లేచాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, అప్పగించే ముందు అంతా ఒకసారి తానే సరిచూద్దామని గాజు గదిలోకి వెళ్లాడు. చప్పుడు చొరబడని చిన్న గది అది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని శబ్దం పంపాడు. కుడివైపు, ఎర్ర గుర్తున్న కప్పులోంచి సన్నగా, శుభ్రంగా వినిపించింది.

ఎడమవైపు, నీలం కప్పులోంచి ఏమీ లేదు.

తాను చేసిన మార్పుల వల్లే ఎడమవైపు పోయి ఉంటుంది! ఇన్నాళ్లూ వచ్చిన పేషెంట్ల ఎడమ చెవుల ఫలితాలన్నీ తప్పయి ఉంటాయా? వైరు మార్చాడు. ప్రోగ్రాం పాత రూపం తెచ్చి పెట్టాడు. మిషన్ ఆపి మళ్లీ వేశాడు. మిషన్ మీది ముల్లు మాత్రం ఎడమవైపు శబ్దం వెళ్తున్నట్టే ఊగుతోంది. శబ్దం మాత్రం లేదు.

సిగ్గు చంపుకుని తలుపు తీశాడు. "ఎడమవైపు శబ్దం చచ్చిపోయిందండీ. నావల్లే."

ఆమె హెడ్‌ఫోన్ అందుకుని పెట్టుకుంది. "వస్తోందిగా."

"కుడివైపు వస్తుంది. నేనడిగేది ఎడమవైపు."

"ఎడమవైపే వస్తోంది."

"నా మీద కోపం ఉంటే తిట్టండి. పని దగ్గర వేళాకోళం చేయకండి."

ఆమె కోపంగా ఏదో అనబోయి ఆగింది. అతని ముఖం చూసింది. ఈసారి వేరే రకంగా, రోజూ పేషెంట్లను చూసే చూపుతో. గొంతు మెత్తబడింది. "హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి. నీలం కప్పు కుడి చెవికి."

పెట్టుకున్నాడు. చచ్చిపోయిందనుకున్న నీలం కప్పు కుడి చెవిలో చక్కగా మోగింది. ఇందాకటిదాకా బ్రహ్మాండంగా మోగిన ఎర్ర కప్పు ఎడమ చెవి దగ్గర మూగబోయింది.

అతను ఏళ్ల తరబడి చేస్తున్న పనే అది. వస్తువు మార్చినా లోపం అక్కడే ఉండిపోతే, లోపం వస్తువులో లేదని అర్థం. అర్థం తెలిసి కూడా, అది తన ఒంటి గురించి అని మెదడుకెక్కడానికి చాలాసేపు పట్టింది.

"నాకు... వినబడదా?"

ఆమె కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమె ముఖంలో అతనికంటే ఎక్కువ కంగారు కనిపించింది.

"మొన్న వానలో నేను మీకు ఏ పక్కన నిలబడ్డాను?"

"ఎడమ పక్కన. ఎందుకు?"

"నేను అన్నది మీకు వినబడలేదా?"

"మీరేమన్నారు?"

"అయ్యో," అని ఆమె రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. "నేను ఎంత ధైర్యం చేసి చెప్పానో తెలుసా! మీరు వాన చూసి నవ్వి, సేవ్ బటన్ గురించి మాట్లాడారు. పిన్నితో చెప్పుకుని ఏడ్చాను కూడా. రోజూ ఇదే పని చేసేదాన్ని, పక్కనే ఉన్న మనిషిని కనిపెట్టలేకపోయాను!"

"ఏం చెప్పారు?"

"ముందు పరీక్ష చేయనివ్వండి," అని ఆమె అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

*

పెద్దాసుపత్రి డాక్టర్ చూసి, చెవి లోపల బియ్యపుగింజంత ఎముక ఒకటి బిగుసుకుపోయిందనీ, ఇన్నేళ్లూ మెల్లమెల్లగా తగ్గడం వల్ల తెలియలేదనీ, చిన్న ఆపరేషన్‌తో మెరుగయ్యే అవకాశం బాగా ఉందనీ చెప్పారు.

"ఇది వంశంలో వస్తుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు.

వీధి చివరిదాకా వినిపించేలా అమ్మ పెట్టే టీవీ అతనికి గుర్తొచ్చింది.

"నాకేం రోగం!" అని అమ్మ గట్టిగా అరిచింది. "చిన్నప్పట్నుంచీ చెబితే వినబడనిది నీకు!" అయినా మంచి చీర కట్టుకుని బయల్దేరింది. కొడుకు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్తున్నాడో చూడాలని ఆవిడ కుతూహలం.

చెవుల డాక్టరమ్మ ఆవిడను గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతిలో బటన్ పెట్టింది. బయటికొచ్చి మైకులో "ఏ చిన్న శబ్దం వినిపించినా బటన్ నొక్కండి. ఇక్కడ మాకు లైటు వెలుగుతుంది," అని చెప్పింది. తర్వాత తెర సరిచేసుకుంటూ ఉండిపోయింది.

అతను ఆమె పక్కకు జరిగి, "ఇప్పుడైనా చెప్పండి, ఆ రోజు ఏమన్నారు?" అన్నాడు.

"ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పడం నావల్ల కాదు."

"నాకు సంబంధించినంత వరకు మీరింకా చెప్పనే లేదు!"

ఆమె నవ్వాపుకుని లేచింది. అతని చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది.

"బగ్గులన్నీ అయిపోయాక కూడా మీరు వస్తూ ఉండాలి అన్నాను."

"దానికి నేను సేవ్ బటన్ అన్నానా?"

"అన్నారు."

"వస్తానండీ. రోజూ వస్తాను. ఏ బగ్గూ లేకపోతే నేనే ఒకటి పెట్టి వస్తాను."

అప్పుడే బల్ల మీద లైటు టపటపా వెలగడం మొదలుపెట్టింది. అతను ఉలిక్కిపడ్డాడు. "శబ్దం ఇంకా పంపలేదుగా! బటన్ దానంతటదే నొక్కుకుంటోందా?" అంటూ ప్రోగ్రాం మీదికి వంగాడు.

ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో మైకు చూపించింది. అది ఆపనే లేదు.

ఇద్దరూ గాజు గదిలోకి చూశారు. లోపల అమ్మ హెడ్‌ఫోన్‌ను రెండు చేతుల్తో చెవులకు అదుముకుని, ముందుకు వంగి, కళ్లు చక్రాల్లా చేసుకుని బటన్ నొక్కుతోంది. స్పీకర్లోంచి ఆవిడ గొంతు సెంటరంతా దద్దరిల్లింది.

"ఒరేయ్, నువ్వన్నది వినబడింది! అమ్మాయ్, నువ్వే మరీ చిన్నగా చెప్పావు. కాస్త మైకు దగ్గరికొచ్చి మళ్లీ చెప్పు తల్లీ!"

ముందు గదిలోంచి పిన్ని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అతనికి ఎటు చూడాలో తెలియలేదు. చెవుల డాక్టరమ్మ మాత్రం ఎర్రబడ్డ ముఖంతోనే మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుంది.

"అత్తయ్యగారూ, మీ అబ్బాయిని నాకిచ్చేయమంటున్నాను. వినబడిందా?"

లైటు వెలిగింది. ఆవిడ బటన్ మీది నుంచి వేలు తీయలేదు.