ఆ లాటు అయిపోయింది

పొద్దున్నే పాలగిన్నె తగిలి తల్లి వేలు చుర్రుమంది. ఐసు కోసం ఫ్రీజరు తెరిచిన కూతురు బఠాణీల పొట్లం వెనక్కి చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ముందు ఐసు ఇవ్వవే తల్లీ, తర్వాత బొమ్మలా నిలబడుదువు గాని!" అంది తల్లి.

కూతురు ఐసు ఇచ్చి, మంచు పట్టిన సీసాలు రెండు బల్ల మీద పెట్టింది.

తండ్రిది సీరం వ్యాపారం; ఆ సీసాల్లో ఉన్నదీ అదే. దూడ రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే పసుపు ద్రవం అది. మనిషి కణాలను పెంచే ల్యాబులు దాన్ని వాటి మేతలో కలుపుతాయి. ఒక లాటులా, అంటే ఒక విడతలో తీసిన సరుకులా, ఇంకోటి ఉండదు కనుక, మొదలుపెట్టిన లాటుతోనే పని ముగించాలి. ఆ కిటుకు మీదే ఆయన బాగుపడ్డాడు, కూతుర్ని చదివించాడు. ఇప్పుడా కూతురే, రోగంతో పోరాడే కణాలను సీరం తగ్గించుకుంటూ పెంచే పనిలో ఉంది. అది ఫలిస్తే ఆయన కొట్టు ముఖం చూసేవాడుండడు. లాభనష్టాలు తెలిసినవాడికి ఒకరు విడమరచి చెప్పాలా?

"ఇది నా లాటే కదా నాన్నా? అయిపోయిందన్నావు."

"కొట్లో అయిపోయింది."

"నా దగ్గర కూడా బేరగాడి మాటలేనా?" కూతురు కుర్చీలో కూలబడింది. "వేరే లాటు పోస్తే కణాలన్నీ చచ్చాయి. తప్పు నాదేననుకున్నాను. మా మేడం ఇక ఆపేద్దామంటోంది. నువ్వేమో అన్నం దగ్గర కూర్చుని 'ఎలా ఉన్నాయే నీ కణాలు' అని అడుగుతావు!"

"నా పొట్ట కొట్టే పనికి నేనే సరుకు అందించాలా?" అన్నాడాయన. అరుద్దామనుకున్నాడు గానీ అంత ఓపిక లేకపోయింది. "ఈ వయసులో కొత్త సరుకు ఎక్కడ నేర్చుకోను పిట్టా?"

"రోగి ఒంట్లోకి ఎక్కించేవి నాన్నా అవి. దూడ అంశ మిగిలితే ఆ ఒళ్లు తిరగబడొచ్చు. అందుకే మాన్పిస్తున్నాం."

"ఏం మాన్పిస్తున్నారే?" అంది తల్లి వేలు ఊదుకుంటూ.

"సీరం. పాలు మాన్పించినట్టే, కొద్దికొద్దిగా. ల్యాబులో ఆ మాటే అంటాం."

తల్లి భర్త వంక చూసింది. "దీనికి పాలు మాన్పించడం గుర్తుందాండీ? నన్ను చూస్తే మానదని పక్కగదిలో దాక్కున్నాను. భుజాన వేసుకుని తిరిగింది మీరే. 'ఒక్కసారే ఆపేస్తే బిడ్డ తట్టుకోదే, ఈ పూటకి ఇవ్వు' అని తలుపు కొట్టిందీ మీరే."

ఎంత మొండి కొనుగోలుదారుకూ చెడ్డ సరుకు అంటగట్టని మనిషి, సొంత బిడ్డకు అబద్ధం అంటగట్టాడు. ఏ వైపు నుంచి చూసుకున్నా అది నష్టమే. సీసాల మీది మంచు కరిగి బల్ల తడుస్తోంది.

కొట్టుకు తీసుకెళ్లే ఐసుపెట్టె తెచ్చి సీసాలు సర్దాడు. కళ్లు మసకబారి మూత సరిగ్గా పడలేదు. కూతురు లేచి ఆయన చేతి మీద చెయ్యి వేసి నొక్కింది.

"పద, కరిగిపోకముందే ల్యాబులో దింపుతాను," అన్నాడు. "కొద్దికొద్దిగానే మాన్పించు పిట్టా."

"వాటికేగా నాన్నా?"

"నాక్కూడా."