డెబ్బై మూడో నంబరు కాగితం

లెక్కల మాస్టారు బడి మానేసి అపరాధ పరిశోధనలో దిగి పదేళ్ళయినా జనం ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ఆయన సహాయకురాలూ అంతే. ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చిన నర్సును చూడగానే ఆమె గబుక్కున కుర్చీ లాగింది. వచ్చిన మనిషి నిలబడితే పడిపోయేలా ఉంది.

నర్సు చెల్లెలు పోయి మూడు వారాలైంది. ఒళ్ళు తగ్గించే ఒక ప్రైవేటు క్లినిక్ ఇంటికి పంపే ఇంజెక్షన్లు వారానికొకటి వేసుకుంటోందట. ఫ్రిజ్‌లో మందు పెట్టె దొరికేదాకా భర్తకు కూడా ఆ సంగతి తెలియదు. వాంతులతో ఒంట్లో నీరంతా పోయి మూత్రపిండాలు పాడయ్యాయన్నారు ఆసుపత్రివాళ్ళు. విడ్డూరమేమిటంటే నర్సు ఉద్యోగం ఆ క్లినిక్‌లోనే, రికార్డుల గదిలో. అక్కడ రోగులు ఫోన్ మీదే చేరతారు. నలుగురిలో పలచనైపోకుండా అందరికీ నంబర్లే తప్ప పేర్లుండవు. పెట్టె మీద డెబ్బై మూడు అని ఉంది.

"నాకు చెబితే తిడతానని దాచింది. నోరు కట్టుకుంటే చాలు, నీకివన్నీ ఎందుకని ఎన్నిసార్లు కసిరానో," అంది నర్సు. "అంతకు పది రోజుల ముందే ఆరోగ్యశాఖ అధికారిణి వచ్చి క్లినిక్ తనిఖీ చేశారు. అంతా సక్రమంగా ఉందని రాసిచ్చారు. మరి నా చెల్లెలు ఎలా పోయింది? ఎవరి వల్ల పోయిందో చెప్పండి."

ఆమె తెచ్చిన మందు పెట్టెలో చెల్లెలు రాసుకున్న చిన్న చీటీ ఉంది. 'క్లినిక్ ఫోన్ వస్తే చెప్పాలి: నాలుగు రోజులుగా వాంతులు, కళ్ళు తిరగడం.' మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, నర్సును తన ఫోన్ నంబరు రాసిమ్మన్నారు. ఆమె ప్రతి అంకె కిందా చిన్న గీత గీస్తూ రాసింది. మందు మోతాదుల్లో పొరపాటు రాకూడదని చదువుకునే రోజుల్లో అబ్బిన అలవాటట.

క్లినిక్‌లో మందులు కట్టి పంపే ఆమె ఏ దాపరికమూ లేకుండా మాట్లాడింది. ప్రతి రోగికీ ఒక కాగితం, వారానికి రెండు గడులు. ఒకటి బరువుకు, రెండోది ఇబ్బందులకు. నాలుగు వారాలకోసారి మోతాదు పెరుగుతుంది.

"గడి ఖాళీగా ఉంటే?" అన్నారు మాస్టారు.

"మోతాదు పెంచేముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపుతానండీ. చేరేటప్పుడే వాళ్ళకి చెబుతాం, మేమే చేస్తామని."

"డెబ్బై మూడుకి చేశారా?"

"లేదండీ. గడి నిండే ఉంది."

క్లినిక్ నడిపే డాక్టరు మాత్రం చేతులు దులిపేసుకున్నాడు. తన రికార్డులు అద్దంలా ఉన్నాయని అధికారిణే మెచ్చుకుందన్నాడు. తనిఖీలో ఆమె తీసుకెళ్ళిన నకళ్ళను మాస్టారు సాయంత్రందాకా తిరగేశారు. ముందు పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది. ఆయన టీ చల్లారిందంటే కేసు తేలినట్టే. ఎప్పుడూ సంబరపడే సహాయకురాలు ఈసారి ఆయన ముఖం చూసి కప్పు మెల్లగా పక్కకు జరిపింది.

మర్నాడు క్లినిక్ ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టారు. సహాయకురాల్ని నర్సు పక్కన కూర్చోమన్నారు.

"మనిషి ఒళ్ళు లెక్కల పుస్తకం కాదు," అని మొదలుపెట్టారు. "ఇక్కడ నలభై మంది బరువు వారం వారం సరిగ్గా అరకిలో చొప్పున తగ్గింది. ఒక్కరికీ ఇబ్బందులు లేవట. ఇవన్నీ ఒక్క పూటలో, ఒక్క కలంతో నింపినవి. తనిఖీకి ముందురోజేనా, డాక్టరుగారూ?"

ఖాళీలు కనబడితే సవాలక్ష ప్రశ్నలొస్తాయని నింపమన్నానని, అన్నిచోట్లా జరిగేదేనని గొణిగాడు డాక్టరు. అధికారిణి తల దించుకుంది. ఖాళీలు లేవని చూసిందే కానీ, ఎలా నిండాయని ఆమె అడగలేదు.

"ఖాళీ గడి తప్పు కాదు. ఫోన్ చేయమని గుర్తు చేసేది అదే," అన్నారు మాస్టారు. "అది నిండింది కాబట్టి ఫోన్ వెళ్ళలేదు, పెద్ద మోతాదు వెళ్ళింది. ఆ పిల్లేమో చీటీ రాసుకుని ఫోన్ కోసం కూర్చుంది. చేయించింది మీరు. నేరం మీది." ఆయన గొంతు తగ్గింది. "రాసిన చెయ్యి వేరు. ప్రతి అంకె కిందా గీత ఉంది."

సహాయకురాలు పక్కకు తిరిగి చూడలేకపోయింది.

"తెలుసండీ," అంది నర్సు. "ఆ పెట్టె మీద నంబరు చూసినప్పటినుంచీ తెలుసు. నలభై కాగితాలు నింపాను, ఏ నంబరు ఎవరిదో చూడలేదు. నా చెయ్యి కాదని మీరైనా చెబుతారేమోనని వచ్చాను."

క్లినిక్ తాళాలు ఇమ్మని అధికారిణి డాక్టరు ముందు చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు.

నర్సు డెబ్బై మూడో నంబరు నకలు ఒక్కసారి ఇమ్మని అడిగింది. అధికారిణి నకలే కదా అని ఇచ్చింది. 'ఇబ్బందులు లేవు' అన్నచోట కొట్టేసి, నర్సు చెల్లెలి చీటీ చూస్తూ '4 రోజులుగా వాంతులు, కళ్ళు తిరగడం' అని రాసింది. అలవాటు కొద్దీ నాలుగు కింద చిన్న గీత గీసింది. అప్పుడు ఏడ్చింది.