బండ మీది దొన

అన్నం బెల్ కొట్టంగనే పిల్లలంతా గుంపులుగ కూసున్నరు. నీల మాత్రం నల్లా దగ్గర ఒక్కతే కూసుంది. అమ్మానాయిన మేళ్లచెరువు ఫ్యాక్టరీ పనికి పోతూ, కోదాడ బడి మాన్పించి ఈ ఊర్ల తాత కాడ విడిచిపోయిన్రు. నెల దాటింది బిడ్డలారా, పాపం, ఒక్క దోస్తు లేదు.

"తిన్నారా గారూ?" అని తోటి పిలగాడు మహిపాల్ వెక్కిరించిండు. పిల్లది కోదాడ దిక్కు మాట మరి.

నీల గబుక్కున అన్నది. "మా తాత గొర్రెలు మేపే గుట్ట మీద ఒక బండ ఉంది. ఉల్లిపొరలా ఊడొస్తుంది. చూస్తారా?"

"అబద్ధం!"

సాయంత్రం నలుగురు వెంట వచ్చిన్రు. ఎండకు కాగి, వానకు సల్లారి, ఆ బండ నిజంగనే పొరలు పొరలుగ లేసింది. పిల్లలు పలకలు ఊడబీకి కిందికి దొర్లించిన్రు.

"నీలా, నువ్వు గూడ కొట్టు!" అన్నది వాళ్లల్ల ఒకతి, శైలజ.

పేరు పెట్టి పిలిచిందని నీలకు ఎంత సంబురమో! పెద్ద రాయెత్తి దొన అంచు మీద ఏసింది. దొనంటే బండ మీద వాన నీళ్లు నిలిచే గుంట. అంచు పగిలింది. నీళ్లన్నీ కారిపోయినయ్.

పిల్లలు నవ్వుకుంట ఇండ్లకు ఉరికిన్రు.

రోజూ ఆ దొనల నీళ్లు తాగే గొర్రెలు వచ్చి తడిరాయిని నాకినయ్. తాత లింగయ్య తిట్టలే. తిట్టినా బాగుండు.

"దీన్ని ఎవరు తవ్వారు తాతా?"

"ఎవలు తవ్వుతరు? జరంత పల్లంల వాన నిలిచింది. రాయిని నానబెట్టి ఇసుక చేసింది. గాలి ఆ ఇసుకను ఊదింది. మల్ల వాన, మల్ల గాలి. మా తాతలు పుట్టకముందు నుంచి గదే పని."

"మళ్లీ అవుతుందా?"

"అయితది. మనం ఉండం."

తెల్లారి అన్నాల కాడ శైలజ జరిగి నీలకు జాగ ఇచ్చింది. మహిపాల్ తన గుడ్డుల సగం పెట్టిండు.

"పక్కన ఇంకో దొన ఉంది గదా! ఇయ్యాల దాన్ని పగలగొడదాం" అన్నడు.

నీల తల అడ్డంగ ఊపింది.

"నేను రాను. మిమ్మల్నీ కొట్టనివ్వను."

"ఓహో! అయితే గాడ్నే నల్లా కాడ కూసో పో!"

నీల ప్లేటు తీసుకొని లేసింది. ఎవ్వరూ ఆపలే.

సాయంత్రం బోరింగు కాడ చిన్న బిందె నింపుకొని, గొర్రెల కోసం ఒక్కతే గుట్టెక్కింది. సగం దారిల కిందికి చూసింది. ఎవ్వరూ రాలే. బిందెను ఇంకో చంకకు మార్చుకొని మల్ల ఎక్కింది.